లోపలికి దారి చూపేవారు ఉన్నారు... బయటికి చూపేదెవరు?

ఇసుక వేస్తే రాలని జనంలో ఒక్క మాట ప్రాణం తీయగలదు, ఒక్క మాట నిలపగలదు
తొక్కిసలాటలు నేర్పిన పాఠం: గేట్లతో పాటు మనుషులూ కావాలి

తిరుపతి: కొండకు వచ్చే యాత్రికునికి అడుగడుగునా దారి చూపేవారు ఉన్నారు. రైలు దిగితే ఎదురుగా విష్ణునివాసం. బస్సు దిగితే ఎదురుగా శ్రీనివాసం. అలిపిరి చేరితే భూదేవి కాంప్లెక్స్. టోకెను ఎక్కడ ఇస్తారో, సామాను ఎక్కడ పెట్టాలో, ఏ క్యూలో నిలబడాలో చెప్పడానికి మనుషులు ఉన్నారు, బోర్డులు ఉన్నాయి, మైకులు ఉన్నాయి. గర్భాలయం ముందు నిమిషమైనా నిలవనీయక వినిపించే "జరగండి, జరగండి" అన్న మాట తెలుగు రాని తమిళులకూ, కన్నడిగులకూ, ఉత్తరాది వారికీ కూడా కంఠస్థమే.

ఇంతమంది ఉన్న ఊరిలోనే 2025 జనవరి 8 రాత్రి టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు జనం మధ్య నలిగి ప్రాణాలు కోల్పోయారు. సుమారు 40 మంది గాయపడ్డారు. ఆ రాత్రి అక్కడ గేటు ఉంది, కాపలా ఉంది, పోలీసులు ఉన్నారు. లేనిదల్లా ఒక్కటే. గేటు ఎందుకు తెరుస్తున్నారో జనానికి ముందుగా చెప్పి, వారిని నిలిపి, నడిపించే గొంతు.

గుంపును లోపలికి తీసుకురావడం ఒక పని. అదే గుంపును ఆపద వేళ క్షేమంగా బయటికి తీసుకుపోవడం వేరొక పని. మొదటిదానిలో తిరుపతికి ఉన్న అనుభవం దేశంలో మరే ఊరికీ లేదనవచ్చు. రెండవదాన్ని కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోవలసిన అవసరం ఉన్నదని ఆ రాత్రి చెప్పింది.

గేటు తీసినారు!

ఆ ఏడాది జనవరి 10న వైకుంఠ ఏకాదశి. ఆ రోజు నుంచి పది రోజుల పాటు వైకుంఠ ద్వార దర్శనాలు. తొలి మూడు రోజులకు లక్షా ఇరవై వేల టోకెన్లు ఇస్తామని తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకటించింది. తిరుపతిలో పలుచోట్ల కౌంటర్లు పెట్టారు. తొమ్మిదవ తేదీ తెల్లవారుజామున అయిదు గంటలకు పంపిణీ ప్రారంభం కావలసి ఉంది. అయితే ముందురోజు పగటినుంచే వేలాది మంది చేరుకున్నారు. ఆంధ్ర నలుమూలల నుంచే గాక తమిళనాడు, కేరళల నుంచీ వచ్చారు.

బైరాగిపట్టెడ కేంద్రం వద్ద జనాన్ని సమీపంలోని పద్మావతి పార్కులో కూర్చోబెట్టారు. గంటల తరబడి నిరీక్షణ సాగింది. రాత్రి ఎనిమిది దాటాక లోపల ఒక మహిళకు అస్వస్థత కలిగింది. ఆమెను బయటికి తీసుకురావడానికి గేటు తెరిచారు. తెరిచినవారి ఉద్దేశం మంచిదే. కాని వెనుక ఉన్నవారికి అస్వస్థత సంగతి తెలియదు. వారికి కనిపించింది గేటు తెరుచుకోవడమే. టోకెన్లకు క్యూ వదిలారనుకున్నారు. అందరూ ఒక్కసారిగా లేచారు. ముందువారు పడిపోయారు. వారిపై వెనుకవారు పడ్డారు.

క్షతగాత్రులను రుయా, స్విమ్స్ ఆస్పత్రులకు తరలించారు. మర్నాడు ముఖ్యమంత్రి తిరుపతికి వచ్చారు. మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల వంతున పరిహారం ప్రకటించారు. ఇద్దరు అధికారులను సస్పెండు చేశారు, మరికొందరిని బదిలీ చేశారు. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎం. సత్యనారాయణమూర్తి నేతృత్వంలో న్యాయ విచారణకు ఆదేశించారు.

బాధ్యులెవరన్నది విచారణల పని. అయితే ఆ రాత్రి నుంచి సామాన్యుడు సైతం గ్రహించగల సంగతి ఒకటి ఉంది. గేటు తెరిచే ముందు, జనం మధ్యలో అక్కడక్కడ నిలబడిన పదిమంది శిక్షితులు "ఒకరికి ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రికి తీసుకుపోతున్నాం, టోకెన్లు ఇవ్వడం లేదు, ఎవరూ లేవకండి" అని తెలుగులోనూ తమిళంలోనూ చెప్పి ఉంటే, ఆ తరువాతే గేటు తెరిచి ఉంటే, జనం లేచేవారా?

చంపేది తొక్కిడి కాదు, ఊపిరాడకపోవడం

తొక్కిసలాట అనగానే జనం వెర్రెత్తి పరుగెత్తి ఒకరినొకరు తొక్కుకున్నారని అందరూ అనుకుంటారు. నిపుణులు చెప్పేది వేరు. ఇలాంటి దుర్ఘటనల్లో ఎక్కువమంది చనిపోయేది కాళ్ళ కింద పడి కాదు. నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పెరిగి ఛాతీ కదలక, ఊపిరాడక చనిపోతారు. కొందరు నిలబడిన చోటనే ప్రాణం విడుస్తారు.

దీనికొక లెక్క ఉంది. చదరపు మీటరు స్థలంలో ఇద్దరు ముగ్గురు ఉంటే హాయిగా నడవగలరు. నలుగురైతే నడక మందగిస్తుంది. అయిదుగురు దాటితే ప్రమాద ఘంటిక మోగినట్టే. ఆరుగురు, ఏడుగురు అయ్యేసరికి ఎవరి కాలు వారి అదుపులో ఉండదు. జనం నీటి అలలా ఇటూ అటూ ఊగుతుంది. అప్పుడు బలవంతుడైన యువకుడు కూడా తన ఇష్టప్రకారం ఒక అడుగు వేయలేడు. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని ఇటేవన్ ఇరుకు సందులో 159 మంది ఇలాగే చనిపోయారు. వారిలో అత్యధికులు యువతీ యువకులే.

ఇంకొక కష్టం ఉంది. ముందున్నవారి అవస్థ వెనుకవారికి కనిపించదు. ముందు మనిషి పడిపోయి అరుస్తుంటే, ఇరవై వరుసల వెనుక ఉన్నవాడికి అది సంతోషంతో వేసిన కేకలా వినిపించవచ్చు. అతడు ఇంకొంచెం ముందుకు నెడతాడు. అతడు దుర్మార్గుడు కాడు. అతడికి సమాచారం లేదు, అంతే. ముందు జరిగేది వెనుకకు చేరవేసే మనిషి మధ్యలో ఉండాలి. శిక్షణ పొందిన మార్గదర్శకుల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

గంట మోగితే కదలరు, మనిషి పిలిస్తే కదులుతారు

ప్రమాదం వేళ జనం ఎలా ప్రవర్తిస్తారో విదేశాల్లో ప్రయోగాలు చేసి చూశారు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో భూగర్భ రైలు స్టేషనులో గైలీన్ ప్రూ, జొనాథన్ సైమ్ అనే పరిశోధకులు ప్రయాణికులను ఖాళీ చేయించే పద్ధతులను పోల్చి చూశారు. కేవలం అపాయ ఘంటిక మోగించినప్పుడు జనం తాపీగా అక్కడే తచ్చాడారు. స్టేషను సిబ్బంది దగ్గరకు వచ్చి చెప్పినప్పుడు, దానికి తోడు ఎటు వెళ్ళాలో మైకులో స్పష్టంగా వినిపించినప్పుడు స్టేషను త్వరగా ఖాళీ అయింది.

జపాన్‌లో సుగిమన్, మిసుమి అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. వారు రెండు పద్ధతులను పరీక్షించారు. మొదటి పద్ధతిలో మార్గదర్శకుడు ఒకచోట నిలబడి, పెద్ద గొంతుతో, చేయి చాపి "అటు వెళ్ళండి" అంటాడు. రెండవ పద్ధతిలో అరవడు. పక్కనున్న ఒకరిద్దరితో "నా వెంట రండి" అని చెప్పి నడక ప్రారంభిస్తాడు. ఆ ఇద్దరిని చూసి మరో నలుగురు, వారిని చూసి మరికొందరు కదులుతారు. మార్గదర్శకులు చాలినంత మంది ఉన్నచోట ఈ రెండవ పద్ధతే మేలైన ఫలితం ఇచ్చింది. మార్గదర్శకులు తక్కువై జనం ఎక్కువైనచోట గొంతెత్తి చేయి చూపే పద్ధతి అక్కరకు వచ్చింది.

మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. మందలో ముందు గొర్రె ఎటు పోతే మిగతావి అటే పోతాయని పల్లెల్లో అందరికీ తెలుసు. కాకపోతే ఆ ముందు నడిచేవాడికి దారి తెలిసి ఉండాలి.

దారి తెలిసిన ఒక్కడు ఎంత చేయగలడో 1977 మే 28న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జరిగిన అగ్నిప్రమాదం చూపింది. సౌత్‌గేట్ పట్టణంలోని ఒక పెద్ద విందుశాలలో నిప్పంటుకుంది. వినోద ప్రదర్శన జరుగుతున్న హాలులో వెయ్యిమందికి పైగా కూర్చుని ఉన్నారు. వారికి మంటల సంగతి తెలియదు. బల్లల మీది పళ్ళేలు తీసే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. కుడి మూలన ఒక ద్వారం ఉంది, ఎడమ మూలన ఒక ద్వారం ఉంది, నిప్పంటుకుంది, నెమ్మదిగా బయటికి వెళ్ళండి అని చేయి చూపి చెప్పాడు. కొందరు ఇదంతా ప్రదర్శనలో భాగమేననుకున్నారు. చాలామంది లేచి వెళ్ళారు. ఆ రాత్రి 165 మంది చనిపోయారు. ఆ కుర్రవాడు వేదిక ఎక్కి ఉండకపోతే ఆ సంఖ్య ఎక్కడ ఆగేదో చెప్పలేము. అతడికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అతడికి తెలిసినవి రెండే. ద్వారాలు ఎక్కడున్నాయో, జనానికి ఏం చెప్పాలో.

మనకు మనుషుల కొరత లేదు

తిరుమలలో ఈ పనికి కావలసిన మనుషులు సిద్ధంగా ఉన్నారు. 2000 సంవత్సరంలో ప్రారంభమైన శ్రీవారి సేవలో ఇప్పటికి లక్షలాది మంది పాల్గొన్నారు. వివిధ రాష్ట్రాల నుంచి జట్లు జట్లుగా వస్తారు. కూలి లేదు, జీతం లేదు. క్యూలలో మంచినీళ్ళు, పాలు అందిస్తారు. అన్నప్రసాదం వడ్డిస్తారు. వృద్ధులకు చేయూతనిస్తారు. దారి తప్పినవారికి దారి చెబుతారు. బ్రహ్మోత్సవాల్లో స్కౌట్లు, గైడ్లు కూడా వచ్చి కలుస్తారు. భద్రతా సిబ్బంది, పోలీసులు, హోంగార్డులు సరేసరి.

గరుడ సేవ నాడు మాడ వీధుల గ్యాలరీలలో రెండు లక్షల మంది వరకు కూర్చుంటారు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్-2లోనే 31 కంపార్టుమెంట్లు ఉన్నాయి. ఒక్కో కంపార్టుమెంటు నిండాక తాళం పడుతుంది. వంతు వచ్చినప్పుడు తెరుస్తారు. జనాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి వంతులవారీగా వదిలే ఈ పద్ధతి గుంపు నిర్వహణలో మంచి పద్ధతే. ఒక్కసారిగా ఒత్తిడి పెరగదు. అయితే దీనికి ఒక షరతు ఉంది. లోపల పొగ వచ్చినా, విద్యుత్తు తీగ కాలినా, ఎవరైనా పుకారు పుట్టించినా, ఆ తాళం తీయవలసిన మనిషి క్షణంలో అక్కడ ఉండాలి. ఏ కంపార్టుమెంటు ముందు తెరవాలో, జనాన్ని ఎటు మళ్ళించాలో అతడికి ముందే తెలిసి ఉండాలి.

తిరుచానూరులో పంచమి తీర్థం నాడు అనుసరించే మార్గం ఇక్కడ చెప్పుకోదగినది. చక్రస్నానం వేళ పద్మ సరోవరంలో వేలాది మంది ఒక్కసారిగా మునగాలని ఆరాటపడతారు. పంచమి తీర్థ పుణ్యం రోజంతా ఉంటుందని, ఎప్పుడు స్నానం చేసినా ఫలితం ఒక్కటేనని తి.తి.దే. ఏటా ప్రచారం చేస్తుంది. అర్చకులూ చెబుతారు. ఆ ఒక్క మాటతో తొందర సగం తగ్గుతుంది. జనాన్ని కర్రతో ఆపడం కంటే నమ్మకం కలిగించే మాటతో ఆపడం తేలిక.

శ్రీకాళహస్తి రాజగోపురం సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మే 26 రాత్రి నిట్టనిలువునా కూలింది. పగుళ్ళు పెరుగుతున్నాయని గుర్తించి చుట్టుపక్కల వారిని ముందుగానే ఖాళీ చేయించడం వల్ల పెద్ద ప్రాణనష్టం తప్పింది. వేళ మించక ముందే జనాన్ని కదిలిస్తే ఎంత మేలో ఈ జిల్లా వాసులు కళ్ళారా చూశారు.

లాడ్జీలు, కల్యాణ మండపాల మాటేమిటి?

ఆపద కొండమీదే రావాలని లేదు. తిరుపతిలో వీధి వీధినా లాడ్జీలు ఉన్నాయి. ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాలు కిటకిటలాడతాయి. ఆస్పత్రులు, సినిమా హాళ్ళు, కోచింగ్ కేంద్రాలు, బట్టల దుకాణాలు అంతస్తు మీద అంతస్తు లేస్తున్నాయి. ఒక రాత్రికి దిగే యాత్రికునికి తన గది నంబరు తప్ప ఆ భవనం సంగతి ఏమీ తెలియదు. మెట్లు రెండు వైపులా ఉన్నాయా, ఒకవైపే ఉన్నాయా అని చూసేవారు నూటికి ఒకరుండరు. 2023 జూన్‌లో గోవిందరాజస్వామి ఆలయ సమీపంలో ఫోటో ఫ్రేముల దుకాణం ఉన్న భవనానికి నిప్పంటుకున్నప్పుడు ఆ వీధి వీధంతా హడలిపోయింది.

తెలుగునాట ఇటీవల జరిగిన అగ్నిప్రమాదాలు చూస్తే గుండె చెరువవుతుంది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ చికిత్సకు వాడుతున్న హోటలులో మంటలు లేచి 10 మంది చనిపోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, కింద బ్యాటరీ స్కూటర్ల షోరూము, పైన లాడ్జీ ఉన్న భవనంలో 8 మంది చనిపోయారు. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో ఇరుకు దారి ఉన్న పాత ఇంటిలో ఒకే కుటుంబానికి చెందినవారు, బంధువులు 17 మంది బలయ్యారు. వారిలో పసిపిల్లలూ ఉన్నారు. ఇలాంటి ప్రమాదాల్లో మంటకంటే ముందు పొగ చంపుతుంది. పొగ కమ్మితే తెలిసిన మెట్లు కూడా కనిపించవు.

నియమాలు లేకపోలేదు. దేశమంతటికీ వర్తించేలా రూపొందించిన 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతిలో అగ్నిభద్రతకు ప్రత్యేక భాగమే ఉంది. పెద్ద భవనాల్లో అంతస్తుకొక అగ్ని వార్డెనును, అతడు లేనప్పుడు చూసుకోవడానికి ఉపవార్డెనును నియమించాలని అందులో ఉంది. మొదటి రెండేళ్ళు మూడు నెలలకొకసారి, ఆపైన ఆరు నెలలకొకసారి భవనం ఖాళీ చేయించే అభ్యాసం జరపాలని ఉంది. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999 నుంచే ఉంది. జనసమ్మర్ద నిర్వహణపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో ఒక మార్గదర్శిని ప్రచురించింది. కాగితం మీద లోటు లేదు. మన లాడ్జీలో పనిచేసే రూం బాయ్‌ని, కల్యాణ మండపం మేనేజరును, ఆస్పత్రి ఆయాను పిలిచి "నిప్పంటుకుంటే నీవేం చేస్తావు?" అని అడిగితే వచ్చే జవాబే అసలైన పరీక్ష.

మార్గదర్శకునికి ఏమి నేర్పాలి?

ఇది నెలల తరబడి నేర్పవలసిన విద్య కాదు. పూట శిక్షణ, దాని వెంట అభ్యాసం చాలు. అయితే నేర్పవలసినవి స్పష్టంగా ఉండాలి.

మొదటిది, దారులన్నీ కాళ్ళతో తెలియాలి. పటం చూసి కాదు, నడిచి చూడాలి. పగలొకసారి, దీపాలు ఆర్పి ఒకసారి. జనం తాము వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలని చూస్తారు. పక్కన దగ్గరలోనే ఇంకో ద్వారం ఉన్నా అటు తలతిప్పరు. ఆ రెండవ ద్వారం వైపు జనాన్ని మళ్ళించడమే మార్గదర్శకుని ముఖ్యమైన పని.

రెండవది, ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియాలి. నిజం దాచకూడదు. నిజం చెబితే జనం బెదిరిపోతారన్నది పాత అపోహ. దాచి, చివరి నిమిషంలో చెప్పినందువల్లే ఎక్కువ నష్టం జరిగింది. మాట చిన్నదిగా ఉండాలి. ఏమైంది, ఎటు వెళ్ళాలి, ఏం చేయకూడదు. ఈ మూడే. తిరుపతిలో ఈ మాటలు తెలుగు, తమిళం, కన్నడం, హిందీలలో నోటికి వచ్చి ఉండాలి.

మూడవది, గుంపు మొదటిలోనే కాక మధ్యలోనూ చివరనూ మనిషి ఉండాలి. ఒత్తిడి పుట్టేది వెనుక. కాబట్టి ముందు ఆపవలసింది వెనుకవారిని. గేటు దగ్గర నిలబడి అరిస్తే వెనుకవారికి వినపడదు. ముందు నుంచి వెనుకకు చేతి సంజ్ఞ, ఈల, వాకీటాకీ, ఏదో ఒక ఏర్పాటు ఉండాలి.

నాలుగవది, కుటుంబాన్ని విడదీయరాదు. బిడ్డ ఒకవైపు, తల్లి మరొకవైపు పడితే తల్లి జనానికి ఎదురు నడుస్తుంది. అలాంటివారు నలుగురైతే చాలు, దారి మూసుకుపోతుంది. వృద్ధులను, గర్భిణులను, నడవలేనివారిని ఎవరు తీసుకురావాలో ముందే పేరుపేరునా నిర్ణయించాలి.

అయిదవది, తెరిచే అధికారం. గేటు దగ్గరున్న మనిషి పై అధికారికి ఫోను చేసి, ఆయన అనుమతి వచ్చేదాకా ఆగే పద్ధతి ఆపద వేళ పనికిరాదు. ఏ పరిస్థితిలో తెరవవచ్చో, తెరిచే ముందు ఎవరికి చెప్పాలో రాసిపెట్టి, ఆ అధికారం అతడికే ఇవ్వాలి.

శ్రీవారి సేవకుల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వారు కొద్ది రోజులకు వచ్చి వెళ్ళిపోతారు. ఈ వారం నేర్చినవారు వచ్చేవారం ఉండరు. అందుచేత శిక్షణ ప్రతి జట్టుకూ కొత్తగా జరగాలి. వారి వెంట స్థానికంగా ఉండే స్థిరమైన బృందం కూడా ఉండాలి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులకు కొదవ లేదు. యాత్రికుల్లో సగభాగం స్త్రీలు. వారిని చేయి పట్టి నడిపించడానికి స్త్రీ మార్గదర్శకులే తగినవారు.

పిల్లలకు నేర్పితే పెద్దలకు వస్తుంది

జపాన్‌లో పాఠశాల పిల్లలకు నాలుగు మాటలు కంఠతా వస్తాయి. తోయవద్దు, పరుగెత్తవద్దు, మాట్లాడవద్దు, వెనక్కి రావద్దు. ఏటా పలుమార్లు అభ్యాసం జరుగుతుంది. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు కమాయిషి పట్టణంలో హైస్కూలు పిల్లలు ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా మెరకవైపు పరుగుతీశారు. వారిని చూసి పక్క ప్రాథమిక పాఠశాల పిల్లలు కదిలారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకుని నడిపించారు. ఆ పట్టణంలో సుమారు మూడువేల మంది విద్యార్థులు ప్రాణాలతో బయటపడ్డారు.

మనకు పొరుగునే, కుంభకోణంలో 2004 జూలై 16న ఒక పాఠశాలలో నిప్పంటుకుని 94 మంది చిన్నారులు కాలిపోయారు. ఇరుకు మెట్లు, పూరి పైకప్పు, దారి చూపేవారు లేకపోవడం కలిసి ఆ ఘోరానికి కారణమయ్యాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రతి పాఠశాలలో నెలకొకసారి పది నిమిషాలు కేటాయించి బడి ఖాళీ చేసే అభ్యాసం జరిపితే ఖర్చు పైసా కాదు. ప్రార్థన గంటకు వరుస కట్టే పిల్లలు అపాయ గంటకూ వరుస కడతారు.

మార్గదర్శకుడొక్కడే చాలడు

మనిషిని పెట్టినంత మాత్రాన సరిపోదన్నది కూడా నిజం. 2025 నవంబరు 1న ఏకాదశి నాడు శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలోని ప్రైవేటు వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట జరిగి 9 మంది మరణించారు. మెట్ల దగ్గర రెయిలింగు ఊడిపోయింది. వచ్చేవారు, పోయేవారు ఒకే దారిలో ఎదురుపడ్డారు. 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో గోదావరి పుష్కరాల తొలిరోజే పుష్కర ఘాట్ దగ్గర 27 మంది చనిపోయారు. మిగతా ఘాట్లు ఉండగా జనమంతా ఒక్కచోటనే చేరారు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది పొగకు ఉక్కిరిబిక్కిరై చనిపోయారు. బయటికి పోయే దారులకు అడ్డంకులు ఉన్నాయి.

తాళం వేసిన ద్వారం ముందు ఎంత శిక్షణ పొందినవాడైనా ఏమి చేయగలడు? స్థలానికి మించిన జనాన్ని రానిచ్చాక ఎంత గొంతున్నవాడైనా ఎలా ఆపగలడు? ముందు స్థలం లెక్క, తరువాత దారి, ఆపైన మనిషి. ఈ మూడూ కలిస్తేనే భద్రత.

స్థలం లెక్క విషయంలో కొంత మార్పు వచ్చింది. 2025 డిసెంబరు 30న మొదలైన వైకుంఠ ద్వార దర్శనాలకు తొలి మూడు రోజుల టోకెన్లను కౌంటర్లలో కాక ఆన్‌లైన్ డిప్ ద్వారా కేటాయించారు. టోకెను కోసం రాత్రంతా వీధిలో పడిగాపులు కాయవలసిన పని ఆ మూడు రోజులకూ తప్పింది. జనాన్ని పోగు చేయకపోవడమే అన్నిటికన్నా మేలైన జాగ్రత్త. కాని తిరుపతికి జనం రాకుండా ఉండరు. రథసప్తమి వస్తుంది, బ్రహ్మోత్సవాలు వస్తాయి, వేసవి సెలవులు వస్తాయి, పెళ్ళి ముహూర్తాలు వస్తాయి.

యాత్రికులూ గమనించవలసినవి

గుంపులోకి అడుగుపెట్టేముందే బయటికి పోయే దారి ఎక్కడుందో చూసుకోవాలి. లాడ్జీలో దిగితే గదినుంచి మెట్లదాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోవాలి. నిప్పంటుకుంటే లిఫ్టు ఎక్కరాదు. పొగ కమ్మితే వంగి, నేలకు దగ్గరగా కదలాలి. గుంపులో ఇరుక్కుంటే చేతులు కిందికి వదలక ఛాతీ ముందు గుద్దులాడేవాడిలా మడిచి పెట్టుకోవాలి. ఊపిరికి ఆ కాస్త జాగాయే ఆధారం. కిందపడిన వస్తువు కోసం, చెప్పుల కోసం వంగరాదు. జనానికి ఎదురు నడవక, ఒత్తిడి తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరగాలి. పసిపిల్లలను చేయి పట్టుకుని నడిపించక ఎత్తుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, గేటు తెరుచుకుందని లేవరాదు. ఎందుకు తెరిచారో తెలుసుకుని లేవాలి.

చేయవలసింది చిన్నదే

ఇందుకు కోట్ల పథకాలు అక్కరలేదు. జిల్లా యంత్రాంగం, తి.తి.దే., అగ్నిమాపక శాఖ, పోలీసు శాఖ కలిసి కూర్చుని జనం చేరే చోట్ల జాబితా రాయాలి. ప్రతిచోటా బయటికి దారులెన్ని, మార్గదర్శకులెందరు, వారి పేర్లేమిటి అన్నది గోడమీద కనబడాలి. ఉత్సవానికి ముందు ఒకసారి నిజంగా ఖాళీ చేయించి చూడాలి. లాడ్జీలు, కల్యాణ మండపాలకు అనుమతులు ఇచ్చేటప్పుడు, పునరుద్ధరించేటప్పుడు మంటలార్పే సిలిండరు ఉన్నదా అని అడిగినట్టే, దాన్ని వాడగలిగినవాడు ఉన్నాడా, జనాన్ని బయటికి నడిపించగలిగినవాడు రాత్రి డ్యూటీలో ఉన్నాడా అని కూడా అడగాలి.

"జరగండి" అన్న మాటను దేశమంతటికీ నేర్పిన ఊరిది. "ఆగండి", "ఇటు రండి", "తొందర లేదు, దారి ఉంది" అన్న మాటలు కూడా ఇక్కడి ప్రతి గేటు దగ్గర, ప్రతి మెట్ల దగ్గర పలికే మనుషులు ఉండాలి. జనవరి 8 రాత్రి టోకెను కోసం వచ్చి ఇంటికి తిరిగి వెళ్ళని ఆ ఆరుగురికి ఈ ఊరు పడిన బాకీ అది. వచ్చే ఉత్సవం లోపుగానైనా అది తీరుతుందా అన్నది అధికారులు చెప్పవలసిన జవాబు.